సంచీ ఉన్న పిల్ల

తనిఖీకి వచ్చేవాళ్ళకు ముందు ముక్కు పనిచేస్తుంది, కళ్ళు ఆ తర్వాత. ఇది సర్దుబాటమ్మ సిద్ధాంతం. అందుకే తెల్లారగానే వచ్చి, దుమ్ము వాసన వదలని ఆ గదిలో ముందుగా పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. పాలు పొంగి గిన్నె అంచున కాస్త మాడాలి. అప్పుడు గానీ పిల్లలున్న ఇంటి వాసన రాదు. మాడనిచ్చి, దింపి, వాసన పోకుండా కిటికీలు మూసింది.

తర్వాత గుమ్మం పక్కన చిన్న చిన్న చెప్పుల జతలు వరసగా పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. మరీ బుద్ధిగా కనిపించాయి. కాలితో రెండు జతలు చెదరగొట్టింది. చిన్న గౌన్లు, లాగులు కుళాయి కింద తడిపి, పిండి, పెరట్లో తీగమీద ఆరేసింది. పొడిబట్టలు వేలాడదీస్తే తాకి చూసే మహానుభావులుంటారు మరి. చివరికి నేలమీద కూలబడి, మోకాలెత్తున గోడకు రంగుసుద్దతో పిచ్చిగీతలు గీసింది. అదీ ఎడమచేత్తో. కుడిచేత్తో గీస్తే పెద్దవాళ్ళ గీతని తెలిసిపోతుందట! చూడండి ఆ బుర్ర! ఆ బుర్రను ఇంకో పనికి వాడుంటే ఏమయ్యేదో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడా తనను తాను అడగలేదు.

సంక్షేమ శాఖలో ఆవిడ సూపర్వైజరు. ఆఫీసులో అందరూ సర్దుబాటమ్మ అనే పిలుస్తారు, మొహం మీదే. ఆవిడకూ అది బిరుదులాగే ఉంటుంది. ఎక్కడ ఏది లేకపోయినా, ఉన్నట్టు సర్దగలదు.

బయట వ్యాను ఆగింది. డ్రైవరు వెనక తలుపు తీసి ఊయలలు దింపడం మొదలుపెట్టాడు. కాళ్ళు ఊడదీసి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి, పాత దుప్పట్లు చుట్టి ఉన్నాయి.

"ఈ ఊయలలు చూసినన్ని ఊళ్ళు నేను కూడా చూళ్ళేదక్కా," అన్నాడు మర బిగిస్తూ.

"నువ్వు తోలబట్టే కదయ్యా చూస్తున్నాయి. మాటలు తర్వాత, ఆ కాలు వంకరగా ఉంది చూడు."

పనికెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం ఏటా రాష్ట్రానికి డబ్బిస్తుంది. దాంతో ఈ జిల్లాలో ఐదు 'పిల్లల ఇళ్ళు' నడుస్తున్నాయని రాష్ట్రం చెబుతుంది. బోర్డులైతే ఉన్నాయి. బోర్డుల కింద తలుపులకు తాళాలూ ఉన్నాయి. ఐదిళ్ళకూ కలిపి ఊయలలు మాత్రం పది. కేంద్రం నుంచి ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే, వాళ్ళకంటే ఒక పూట ముందు ఆ పదీ వ్యానెక్కి అక్కడికి చేరతాయి. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత కాబట్టి ఏ ఊళ్ళో చూసినా అనుమానం రాదు. పిల్లలు మాత్రం ఊరికో జట్టు. ఏ ఊరి ఆఫీసు వాళ్ళ పిల్లలు ఆ ఊరికే. ఒకే పిల్ల మొహం రెండు చోట్ల కనపడకూడదన్నది సర్దుబాటమ్మ పెట్టిన నియమం. ఇన్నేళ్ళలో అది ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఊరి జట్టులో ఆవిడ మనవడు కూడా ఉన్నాడు. ఉదయం వాణ్ణి చేతికందిస్తూ కోడలు, "సాయంత్రానికి తిరిగిచ్చేస్తారుగా అత్తయ్యా? అద్దెకు తీసుకెళ్ళిన వస్తువు అరిగితే మాత్రం ఊరుకోను," అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది కానీ, వాడికి తొడిగిన చొక్కా గుండీ మరోసారి సరిచేసింది.

అందరూ వచ్చారు, ఒక్క టైపిస్టు కూతురు తప్ప. పిల్లకు జ్వరమట. పదో ఊయల ఖాళీ. ఖాళీ ఊయలంటే ఏమీ కాదు, ఏ పిల్లో రాలేదనుకుంటారు. కానీ సర్దుబాటమ్మకు ఖాళీలంటే పడదు. బొమ్మను పడుకోబెట్టి దుప్పటి కప్పుదామా అని కూడా ఆలోచించింది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఒకమ్మాయి కనిపించింది. చంకలో ఏడాదిన్నర పిల్ల. భుజానికి గుడ్డసంచీ. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"తెరిచారా అమ్మా? నిజంగానే తెరిచారా? వ్యాను చూసి పక్కింటావిడ చెబితే నేను నమ్మలేదు!"

సర్దుబాటమ్మ ఆ పిల్లను చూసింది. ఊయలను చూసింది. అసలు తప్పు అక్కడ జరిగింది. ఆ క్షణంలో ఆవిడకు కనిపించింది పిల్ల కాదు, పదో పిల్ల.

"రా అమ్మా, రా. లోపలికి రా," అంది.

ఆ అమ్మాయి చెప్పులు విప్పేసి లోపలికొచ్చింది. ఊయలలను, గోడమీద గీతలను, తీగమీది గౌన్లను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆసుపత్రి లాండ్రీలో పని ఉందట. దుప్పట్లు ఉతికి మడిచే పని. పిల్లను వదిలే చోటు లేక ఇన్నాళ్ళూ రానన్నదట. ఈరోజు చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట. అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. చెబుతూనే సంచీలోంచి పాలసీసా, రెండు గౌన్లు, తన పాత చీరలోంచి చింపిన ఒక గుడ్డముక్క తీసి చూపించి, గుడ్డ పిల్ల చేతికిచ్చి, మిగతావి మళ్ళీ సర్ది సంచీ ఊయల పక్కన పెట్టింది.

"మా పిల్లను పిట్ట అంటాం. ఆ గుడ్డ చేతిలో ఉంటే చాలమ్మా, కిక్కురుమనకుండా పడుకుంటుంది. అది లేకపోతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది," అని, గుమ్మం దగ్గర ఆగింది. "రేపు కూడా ఉంటుంది కదమ్మా?"

వీధి మలుపులో తెల్ల కారు తిరుగుతోంది.

"ఉంటుందమ్మా, ఉంటుంది. నువ్వెళ్ళు," అంది సర్దుబాటమ్మ.

*

కేంద్రం నుంచి వచ్చిన అధికారి పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పేరు అడిగినవాళ్ళకు కూడా దణ్ణం పెట్టే రకం. గడప దాటగానే ముక్కు ఎగబీల్చి, "పాలు మాడాయా?" అని నవ్వింది. సర్దుబాటమ్మ సిగ్గుపడినట్టు తల వంచుకుంది. అదీ సిద్ధాంతంలో భాగమే.

అధికారి ఊయలకో నిమిషం ఆగుతూ వచ్చింది. తొమ్మిది దాటి పదోదాని దగ్గర కూర్చుండిపోయింది. పిట్ట గుడ్డముక్కను చెంపకు ఆనించుకుని ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. అధికారి సంచీ తెరవలేదు. పైనుంచి చేత్తో నిమిరి, "వాళ్ళమ్మ అన్నీ సర్ది పంపింది," అంది. "ఇలా సర్ది వదిలి వెళ్ళడానికి ఎంత నమ్మకం ఉండాలి! నేను చాలాచోట్ల తిరిగాను మేడమ్. సంచీ చూస్తే తెలిసిపోతుంది."

మిగతా తొమ్మిది ఊయలల పక్కనా సంచీల్లేవు. ఉండవు. వాళ్ళ తల్లులు వెనక వీధి చెట్టు నీడలో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. సంచీల సంగతి సర్దుబాటమ్మకు ఇన్నేళ్ళలో తట్టలేదు. ముందు తన పొరపాటు గుర్తుపెట్టుకుంది, వచ్చేసారి ప్రతి ఊయలకూ ఒక సంచీ పెట్టించాలని. అంతలోనే అలా అనుకున్నందుకు ఆవిడకు ఒళ్ళంతా చీదరగా అనిపించింది. అలాంటిది మునుపెప్పుడూ లేదు. చీరకొంగుతో ఊరికే చేతులు తుడుచుకుంది.

*

కారు వెళ్ళింది, తల్లులు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకుపోయారు. డ్రైవరు ఊయలల మరలు విప్పుతున్నాడు. ఎల్లుండి సాయంత్రానికల్లా వంతెన అవతల ఊళ్ళో పెట్టాలి. సాయంత్రం పని నుంచి లాండ్రీ అమ్మాయి తిరిగొచ్చేసరికి సగం ఊయలలు వ్యానులో ఉన్నాయి. పిట్ట సర్దుబాటమ్మ ఒళ్ళో కూర్చుని, ఆవిడ కళ్ళజోడు పీకే ప్రయత్నంలో ఉంది.

"చేరిపోయానమ్మా!" అంది ఆ అమ్మాయి వస్తూనే. చేతులు సబ్బునీళ్ళకు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. వంగి సర్దుబాటమ్మ కాళ్ళు తాకబోతే, ఆవిడ నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఇవెక్కడికమ్మా?" అని వ్యాను వైపు చూసింది.

"కడగడానికి," అంది సర్దుబాటమ్మ.

డ్రైవరు మర తిప్పడం ఒక్కక్షణం ఆపి, మళ్ళీ తిప్పాడు.

"మంచి పని చేస్తున్నారు. మా పిన్నిని రమ్మన్నానమ్మా, పిల్లను చూసుకోవడానికి. రాత్రి బస్సెక్కుతానంది. పాపం మోకాళ్ళ నొప్పులు, ఆ ప్రయాణం ఎందుకులే. రావద్దని ఇప్పుడే ఫోన్ చేసేస్తా." అని, అంతా మాట్లాడేశాక నెమ్మదిగా, "రేపు ఏడింటికే తీసుకురావచ్చు కదా?" అని అడిగింది.

చెప్పడానికి అదే సమయం. పిన్ని ఇంకా బస్సెక్కలేదు. 'రానివ్వమ్మా మీ పిన్నిని' అంటే చాలు, మిగతాది ఆ అమ్మాయే అర్థం చేసుకునేది. సర్దుబాటమ్మ నోరు తెరిచింది. తలూపింది. ఊపిన తల అవునన్నట్టుందో కాదన్నట్టుందో ఆవిడకే తెలియదని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, అది అబద్ధం. అవునన్నట్టే ఊపింది.

ఆ అమ్మాయి గేటు దాటకముందే ఫోన్ చెవిన పెట్టుకుంది. "పిన్నీ, వద్దులే, ఇక్కడ దేవతలాంటి ఆవిడ..." అనేంతవరకు వినిపించింది.

"అక్కా," అన్నాడు డ్రైవరు.

"నువ్వేం మాట్లాడకు."

"నేనేం మాట్లాళ్ళేదే. ఈ మర దొరకట్లేదు, అంతే."

*

మర్నాడు ఆవిడకు ఆ వీధిలో పనేమీ లేదు. తాళం చూస్తే ఆ అమ్మాయికే తెలుస్తుంది, నా నోటితో చెప్పడమెందుకు అనుకుంటూనే రాత్రంతా గడిపింది. అయినా పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పిల్లల ఇంటికి ఎదురుగా రోడ్డవతల బస్టాపులో నిలబడింది. చెప్పడానికే వచ్చానని తనను తాను నమ్మించుకుంది.

లాండ్రీ అమ్మాయి అప్పటికే మెట్టుమీద ఉంది. పిట్ట తల దువ్వి ఉంది. భుజాన సంచీ. తాళం పట్టుకుని చూసింది, వదిలింది. కిటికీ సందులోంచి లోపలికి చూసింది. పెరటివైపు వెళ్ళొచ్చింది. తీగమీద గౌన్లు ఇంకా ఉన్నాయి కదా, వాటిని చూసి ధైర్యం తెచ్చుకున్నట్టుంది, మళ్ళీ వచ్చి మెట్టుమీద కూర్చుంది. పిట్టకు ఏదో చెబుతూ వీధి మలుపు చూపిస్తోంది. 'వస్తారు, ఇప్పుడే వస్తారు' అంటోందని ఇవతల్నుంచే తెలుస్తోంది.

దాటాల్సింది ఒక్క రోడ్డు. సర్దుబాటమ్మ ఫ్లాస్కు మూత తీసింది. దానిమీద 'చల్లని కుటుంబం, చక్కని సమాజం' అని అచ్చువేసి ఉంది. పోయినేడు శాఖవాళ్ళు పెద్ద హోటల్లో కుటుంబ సదస్సు పెట్టినప్పుడు వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇచ్చారు. రోజూ దాంతోనే తాగుతోంది. ఆ అక్షరాలు ఇప్పుడే మొదటిసారి చదివినట్టు చూసి, ఫ్లాస్కును సంచీలో అడుక్కి తోసేసింది.

బస్సొచ్చి ఆగింది. ఆవిడ ఎక్కలేదు, బస్సు చాటున నిలబడింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు మనవల నాయనమ్మ, దొంగలా బస్సు చాటున! బస్సు కదిలితే స్తంభం చాటుకు జరిగింది. ఆ అమ్మాయి లేచింది. తలుపును అరచేత్తో రెండుసార్లు కొట్టింది. పిట్టను చంకనేసుకుని ఆసుపత్రి వైపు దాదాపు పరుగెత్తింది. అప్పుడు గానీ సర్దుబాటమ్మ స్తంభం వదల్లేదు.

ఆరోజు ఇంట్లో కోడలు, "నిన్న మావాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు చూశా, వాడి పక్క ఊయల్లో సంచీతో వచ్చిన పిల్ల ఎవరత్తయ్యా? భలే ముద్దుగా ఉంది," అంది. "ఏమో," అని లేచి, వాడని గిన్నెలు తోముకుంటూ కూర్చుంది.

*

ఆ మర్నాడు పెద్దసారు పిలిపించాడు. పెద్దసారంటే జిల్లా శాఖాధికారి. ఎప్పుడూ లేనిది లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"అద్భుతం! ఆవిడ ఏం అందో తెలుసా? తల్లుల నమ్మకం కళ్ళారా చూశానంది. ఎవరో సంచీ పిల్లట. ఆ సంచీ ఐడియా ఎవరిది, మీదేనా?"

"అది ఐడియా కాదు సార్. ఆ పిల్ల నిజం పిల్ల."

"అంటే?"

"ఆ ఒక్క ఇల్లయినా తెరవలేమా సార్? డబ్బొస్తోంది కదా ఏటా."

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పాడు. "వస్తోంది. ఎవరూ తినలేదు కూడా. పోయినేడు ఖజానాకు కన్నం పడితే చాలావరకు దాంట్లో పోసి పూడ్చారు. కొంత సదస్సులకు. కుటుంబాలకు మేలు చేసే పనికి వాడుకోండి అన్నారు కేంద్రంవాళ్ళు. ఏది మేలో తేల్చేది పైన రాష్ట్రంవాళ్ళు. సదస్సు మేలు కాదని ఎవడంటాడు? అంతా చట్టప్రకారమే. కాకపోతే ఇళ్ళు నడుస్తున్నాయని ఒక మాట అనేశాం, దాన్ని నిలబెట్టుకోవాలి. రేపు వంతెన అవతల కూడా ఇలాగే గట్టెక్కించండి. మీ ప్రమోషను సంగతి నేను చూస్తా."

"అంతేనంటారా సార్," అంది.

మెట్లు దిగుతుంటే డ్రైవరు ఎదురొచ్చి, జేబులోంచి చిన్న గుడ్డముక్క తీశాడు. నీలం మీద వెలిసిపోయిన పసుపు చుక్కలు. "ఊయల అడుగున ఇరుక్కుందక్కా. పారేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు."

*

ఆసుపత్రి వెనక లాండ్రీ దగ్గర అడిగితే మేస్త్రీ ఆవిరిలోంచి తల బయటపెట్టాడు. "నిన్న ఆలస్యంగా వచ్చింది, పైగా చంకలో పిల్ల. ఇక్కడ మరుగునీళ్ళమ్మా, పిల్లను ఎక్కడ దింపుతాం? ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశాం," అన్నాడు. ఇల్లు కూడా అతనే చెప్పాడు. సైకిల్ షాపు పైన ఒంటిగది.

తలుపు తీసే ఉంది. లాండ్రీ అమ్మాయి ఎవరివో బట్టలు మడతపెడుతోంది. పిట్ట మూలన కూర్చుని వెక్కుతోంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సర్దుబాటమ్మను చూడగానే ఆ అమ్మాయి గబుక్కున లేచి, ఉన్న ఒక్క కుర్చీమీది బట్టలు తీసేసి, "కూర్చోండమ్మా," అంది. మంచినీళ్ళు తెచ్చింది. "నిన్న తాళం ఉంటే భయపడ్డానమ్మా. మీకేమైనా ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా. ఎవర్ని అడగాలో కూడా తెలీలేదు. ఇప్పుడెలా ఉంది?"

తిట్టి ఉంటే బాగుండేది. సర్దుబాటమ్మ తల కొట్టేసినట్టయి, గ్లాసు నేలమీద పెట్టేసింది.

"నా ఒంటికేం కాలేదు. నిన్న నేను రోడ్డవతల ఉన్నాను. బస్టాపులో. నువ్వు తలుపు కొట్టడం చూశాను," అంది.

ఆ అమ్మాయి అర్థంకానట్టు చూసింది.

"ఆ ఇల్లు తెరవలేదమ్మా. తెరిచినట్టు చూపించాం, అంతే. ఊయలలు కడగడానికి పోలేదు, ఇంకో ఊరికి పోయాయి. అక్కడా రేపు ఒక్కపూటే చూపిస్తాం. ఆ పిల్లలందరూ మా ఆఫీసు వాళ్ళ పిల్లలు. ఒకడు నా మనవడు. మీ పిట్ట ఒక్కతే నిజం. ఊయల ఖాళీగా ఉందని రమ్మన్నాను." ఆగి, మిగిలింది కూడా చెప్పింది. "మీ పిన్నిని రావద్దంటున్నప్పుడు కూడా నాకు తెలుసు."

కింద షాపులో ఎవరో సైకిల్ చక్రం తిప్పి వదిలారు. ఆ అమ్మాయి చేతిలోని చొక్కా మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"ఊయలలు వ్యానెక్కించడం కళ్ళారా చూశాను," అంది చివరికి. "నా కళ్ళను కాదని మీ మాట నమ్మాను."

సర్దుబాటమ్మ గుడ్డముక్క తీసి చాపింది. తల్లి అందుకోలేదు. పిట్టే డేకుతూ వచ్చి లాక్కుని, చెంపకు ఆనించుకుని అక్కడే నేలమీద వాలిపోయింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ నిద్ర చూడలేక సర్దుబాటమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆ వచ్చినావిడ ఏమంది పిట్టను చూసి?" వెనకనుంచి ఆ అమ్మాయి అడిగింది.

"సంచీ చూసి మెచ్చుకుంది. తల్లుల నమ్మకం ఇదేనంది."

"రేపు ఆ ఊరికి కూడా ఆవిడే వస్తుందా?"

"ఆవిడే."

ఆ అమ్మాయి గోడకు తగిలించిన సంచీ తీసింది. పిట్ట గౌన్లు రెండు మడతపెట్టి అందులో పెట్టింది. పాలసీసా కడిగి పెట్టింది. తొందరేమీ లేకుండా, లాండ్రీలో దుప్పటి మడిచినంత శ్రద్ధగా చేసింది.

"అయితే నేనూ వస్తాను. ఇదే పిల్ల, ఇదే సంచీ. అక్కడ కూడా చూస్తే ఆవిడ గుర్తుపట్టకపోదు కదా?"

సర్దుబాటమ్మకు ఒక్కసారి చెమటలు పట్టాయి. గుర్తుపడుతుంది. చూడగానే గుర్తుపడుతుంది. ఒకే పిల్ల మొహం రెండు చోట్ల కనపడకూడదని నియమం పెట్టింది తనే కదా. పెద్దసారు, ప్రమోషను, ఇన్నేళ్ళ ఉద్యోగం, ఇంట్లో ఏమంటారో, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఆ అమ్మాయి బతిమాలలేదు. జవాబు కోసం చూస్తూ నిలబడింది. మొన్న గేటు దగ్గర కూడా అలాగే నిలబడింది.

"రా అమ్మా," అంది సర్దుబాటమ్మ. మళ్ళీ అంది. "రా. వంతెన మీదుగా ఏడున్నరకు బస్సుంది."

"మీరుంటారా? మళ్ళీ రోడ్డవతల నిలబడతారా?"

"ఉంటాను. ఇవతలే ఉంటాను," అంది.

ఆ అమ్మాయి నమ్మినట్టు తలూపలేదు. నమ్మలేదనీ అనలేదు. నేలమీద పెట్టిన నీళ్ళగ్లాసు తీసి పక్కన పెట్టి, మళ్ళీ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.